పొట్ట ఉబ్బిందంటే లోపల ఏం చేరినట్టు?

పెంపుడు జంతువులు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిది ఒకటే గోడు: "మా కుక్క పొట్ట ఉబ్బింది, ఏం మందు వెయ్యాలి?" పొట్ట ఉబ్బుకు ఫలానా మందు అని చెప్పడానికి లేదు. లోపల గాలి చేరి ఉండొచ్చు, నీరు చేరి ఉండొచ్చు. రక్తం, చీము, పురుగులు, కొవ్వు, కడుపులో పిల్లలు, ఏదైనా కావచ్చు. అందుకే మేము ముందుగా అడిగేది ఎంత సేపట్లో ఉబ్బిందని. గంటల్లో ఉబ్బితే ఆలోచించకుండా బండి ఎక్కించాలి. వారాల మీద ఉబ్బితే పరీక్షలు చేయించుకునే వ్యవధి ఉంటుంది. కింది జవాబులన్నీ ఈ లెక్క మీదే నడుస్తాయి.

ప్రశ్న: మా జర్మన్ షెపర్డ్‌కి ఆరేళ్ళు, 34 కిలోలు. రాత్రి ఎనిమిదింటికి కడుపునిండా అన్నం తిని పెరట్లో పరుగులు పెట్టింది. పదింటికల్లా పొట్ట డప్పులా బిగిసిపోయింది. వాంతికి ఎంత వేగిరపడినా తెల్లటి నురగ తప్ప ఏమీ రాలేదు. ఆవుకి కడుపుబ్బితే పట్టే నూనె, టర్పెంటైన్ పట్టాం. తెల్లారేసరికి ప్రాణం పోయింది. అసలేం జరిగింది? దాని పిల్లనే ఒకదాన్ని పెంచుతున్నాం. దీనికీ వస్తుందా?
*ఒక పాఠకుడు, గజపతినగరం*

జవాబు: మీరు రాసిన గుర్తులన్నీ కడుపు మెలిపడినప్పుడు కనిపించేవే. కళ్ళ ముందే అలా పోవడం ఎంత కష్టమో తెలుసు. అందుకే ఈ జవాబు కాస్త వివరంగా రాస్తున్నాం.

ఆవు ఉబ్బుకీ కుక్క ఉబ్బుకీ పోలిక లేదు. ఆవు పెద్ద పొట్టలో మేత పులిసి గాలి పుడుతుంది. నూనె పోస్తే నురగ విరుగుతుంది, ఎడమ డొక్కలో ట్రోకార్ అనే బోలు సూది గుచ్చితే గాలి పోయి పశువు లేచి నిలబడుతుంది. కుక్కలో గాలితో పెద్దదైన కడుపు తన చుట్టూ తానే తిరిగిపోతుంది. సగం చుట్టు తిరగొచ్చు, పూర్తి చుట్టూ తిరగొచ్చు. దాంతో అన్నవాహిక వైపు దారీ, పేగు వైపు దారీ రెండూ మూసుకుపోతాయి. వాంతి రాకపోవడానికి కారణం అదే. కడుపును అంటుకుని ఉండే ప్లీహం అనే రక్తం నిండిన అవయవం కూడా దాంతోపాటు మెలిపడుతుంది. ఉబ్బిన కడుపు వెన్ను కింద నడిచే పెద్ద సిరను నొక్కేస్తుంది కాబట్టి వెనక భాగం నుంచి రక్తం గుండెకు తిరిగి రాదు. కుక్కను ముందుగా చంపేది ఈ షాకే. కడుపు గోడ కుళ్ళడం ఆ తర్వాతి మాట. ఇలాంటప్పుడు నోట్లో ఏది పోసినా కిందికి దిగే దారి ఉండదు, ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం మాత్రం ఉంటుంది. వాము నీళ్ళు, ఇంగువ, వంటసోడా, ఈనో, దేనికైనా ఇదే వర్తిస్తుంది.

గుర్తుపట్టడం ఇలా. కుక్క ఒకచోట నిలవదు. పడుకుంటుంది, లేస్తుంది, పొట్ట వైపు తిరిగి చూసుకుంటుంది. చొంగ తీగలుగా కారుతుంది. ఓక్, ఓక్ అని డోకుతుంది గాని ఏమీ బయటికి రాదు. చివరి పక్కటెముక వెనక వేలితో తడితే బోలుగా మోగుతుంది. ఛాతీ లోతుగా ఉండే పెద్ద జాతుల్లో ఉబ్బు మొదట్లో పక్కటెముకల చాటున దాగి ఉంటుంది. కాబట్టి పొట్ట పెద్దగా కనబడకపోయినా, ఉత్త డోకులు వస్తున్నాయంటే అనుమానించాల్సిందే. పై పెదవి ఎత్తి చిగురు మీద వేలితో నొక్కి వదలండి. తెల్లబడిన చోట రెండు సెకన్లలోపు గులాబి రంగు తిరిగి రావాలి. ఆలస్యమైనా, చిగురు ముందే పాలిపోయి ఉన్నా షాక్ మొదలైనట్టు.

డాక్టరు చేసే పని కూడా తెలుసుకోండి, దారిలో అడగడానికి పనికొస్తుంది. సెలైన్ ముందుకాలి సిరలోగాని మెడ సిరలోగాని ఎక్కించాలి. వెనక్కాలికి పెడితే ఆ నీరు గుండెకు చేరదు. రింగర్ లాక్టేట్ అనే సెలైన్ మొదట కిలోకు 10 నుంచి 20 మి.లీ. చొప్పున పావుగంటలో వేగంగా ఇస్తారు. మీ 34 కిలోల కుక్కకైతే 340 నుంచి 680 మి.లీ. ఆ తర్వాత నాడి, చిగుళ్ళ రంగు చూసి మళ్ళీ ఇస్తారు. అదే సమయంలో గాలి తీస్తారు. ముక్కు కొస నుంచి చివరి పక్కటెముక దాకా కొలిచి గుర్తు పెట్టిన గొట్టాన్ని, నోట్లో బ్యాండేజి చుట్ట అడ్డంపెట్టి, దాని మధ్య రంధ్రంలోంచి దింపుతారు. గొట్టం దిగకపోతే, బాగా బోలుగా మోగే చోట వెంట్రుకలు గొరిగి, శుభ్రం చేసి, 14 లేదా 16 గేజి సూదితో గాలి వదులుతారు. ఈ సూది పని ఇంట్లో ఎవరూ చెయ్యకూడదు. పక్కనే ప్లీహం ఉంటుంది.

ఇక్కడే చాలామంది మోసపోతారు. గాలి పోగానే కుక్క తేరుకుని తోక ఊపుతుంది, ఇంటికి తీసుకుపోతారు. గొట్టం సాఫీగా దిగినంత మాత్రాన మెలి లేదని కాదు. కుడి పక్కన పడుకోబెట్టి ఎక్స్‌రే తీస్తేనే మెలి ఉందో లేదో తేలుతుంది. మెలి ఉంటే ఆపరేషన్ ఒక్కటే దారి. కడుపును సరిచేసి, కుడివైపు లోపలి గోడకు కుట్టేస్తారు. అలా కుట్టకుండా వదిలేసినవాటిలో సగానికి పైగా మళ్ళీ మెలిపడతాయి, కుట్టినవాటిలో అది చాలా అరుదు. ఆపరేషన్ తర్వాత రెండు మూడు రోజులు గుండె లయ తప్పే ప్రమాదం ఉంటుంది గనక అక్కడే ఉంచుకుంటామంటే ఒప్పుకోండి.

మీ దగ్గరున్న పిల్లకు రావాలని రాసిపెట్టి లేదు గాని, తల్లికి వచ్చింది కాబట్టి మిగతావాటికన్నా అవకాశం ఎక్కువే. రోజూ ఒకేసారి గిన్నెడు అన్నం పెట్టే అలవాటు మానండి. మూడు పూటలకు పంచండి. ఆబగా మింగేదైతే అన్నం వెడల్పాటి పళ్ళెంలో పలచగా పరిచి పెట్టండి. గిన్నె ఎత్తుపీట మీద పెడితే మంచిదని అమ్మకందార్లు చెబుతారు, వద్దు. నేల మీదే పెట్టండి. తిన్నాక గంటసేపు పరుగులు, ఆటలు లేకుండా చూడండి. ఆడదైతే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించేరోజే కడుపును గోడకు కుట్టించెయ్యమని అడగండి, ఒకే మత్తులో రెండు పనులూ అయిపోతాయి.

ప్రశ్న: మా గుంటలు వీధిలోంచి నెలన్నర కుక్కపిల్లని తెచ్చారు. కాళ్ళు పుల్లల్లా ఉన్నాయి, పొట్ట మాత్రం కుండ. గంజి, చోడి అంబలి బాగానే తాగుతుంది. నిన్న వాంతిలో సేమ్యాలాంటి పురుగులు రెండు పడ్డాయి. బడిలో పిల్లలకి ఇచ్చిన నులిపురుగుల మాత్ర ఒకటి మిగిలింది, సగం వెయ్యొచ్చా?
*ఒక గృహిణి, నరసన్నపేట*

జవాబు: ఆ మాత్ర వెయ్యకండి. బడుల్లో పంచేది 400 మి.గ్రా. ఆల్బెండజోల్. కుక్కల్లో అది ఎముక మజ్జను దెబ్బతీసి రక్తకణాలు పడిపోయేలా చెయ్యగలదు. పైగా కిలోన్నర పిల్లకు అందులో సగం అంటే మోతాదు మరీ ఎక్కువ. అలాగే పశువుల ఐవర్‌మెక్టిన్ ఇంజెక్షన్ జోలికీ పోవద్దు. అందులో మి.లీ.కు 10 మి.గ్రా. మందు ఉంటుంది. ఇంత చిన్న పిల్లకు చుక్క తేడా వచ్చినా వణుకు, గుడ్డితనం, ప్రాణం మీదికి రావడం చూస్తాం.

మీరు చూసినవి ఏలికపాములు. ఇవి పుట్టకముందే తల్లి కడుపులోనే పిల్లకు చేరతాయి, తర్వాత పాలలో కూడా వస్తాయి. అందుకే వీధి కుక్కపిల్లల్లో ఇవి లేనిదంటూ దాదాపు ఉండదు. వాడాల్సింది పైరాంటెల్ సిరప్. మోతాదు కిలోకు 5 నుంచి 10 మి.గ్రా. ముందు పిల్లను తూచండి. వంటింటి కాటా మీద గిన్నె పెట్టి అందులో కూర్చోబెడితే చాలు. సీసా మీద ఒక మి.లీ.లో ఎన్ని మి.గ్రా. ఉందో చదవండి, కంపెనీకో బలం ఉంటుంది. ఉదాహరణకు పిల్ల కిలోన్నర ఉంటే కనీసం 7.5 మి.గ్రా. కావాలి, సీసాలో మి.లీ.కు 15 మి.గ్రా. ఉంటే అర మి.లీ. అన్నమాట. సూది తీసేసిన సిరంజితో దవడ పక్క నుంచి కొంచెం కొంచెంగా పట్టండి. తల పైకెత్తి పొయ్యకండి, గొంతు అడ్డం పడుతుంది.

ఒక్కసారి వేస్తే సరిపోదు, ఎక్కువమంది తప్పేది ఇక్కడే. ఈ మందు పేగులో ఉన్న పెద్ద పురుగులనే పడగొడుతుంది. ఒంట్లో తిరుగుతున్న పిల్ల పురుగులు తర్వాత పేగుకు చేరతాయి. అందుకే పిల్లకు 2, 4, 6, 8 వారాల వయసులో వేసి, అక్కడి నుంచి ఆరు నెలలు నిండేదాకా నెలకోసారి వెయ్యాలి. మీ పిల్లకు ఇప్పుడు ఒకటి, రెండు వారాలకు ఇంకొకటి, తర్వాత నెలనెలా. మందు వేసిన మర్నాడు పెంటలో పురుగులు ఉండచుట్టుకుని పడితే భయపడకండి. పొట్ట బిగిసి, వాంతులు ఆగకుండా, పెంట అసలే పడకపోతే మాత్రం చచ్చిన పురుగులు పేగుకు అడ్డం పడ్డాయని అనుమానించి డాక్టరుకు చూపించండి. బాగా నీరసించిన పిల్లకు ఇంట్లో మందు వేసే సాహసం వద్దు. ముందు ఒళ్ళు వెచ్చబడాలి, గ్లూకోజు పడాలి.

చిగుళ్ళు తెల్లకాగితంలా ఉండి పెంట తారులా నల్లగా ఉంటే ఏలికపాములతోపాటు కొంకిపురుగులూ ఉన్నట్టే. అవి రక్తం తాగుతాయి, చిన్నపిల్లలను రోజుల్లో తీసుకుపోతాయి. అది ఆసుపత్రి పనే.

పొట్ట కుండలా ఉండటానికి తిండి కూడా కొంత కారణం. గంజి, అంబలి కడుపు నింపుతాయి గాని కండ పట్టనివ్వవు. రోజూ ఉడికించిన గుడ్డు, ఎముకలు తీసిన చేపో కోడిమాంసమో మెత్తగా చిదిమి అన్నంలో కలిపి నాలుగుసార్లు పెట్టండి. ఉల్లి, వెల్లుల్లి వద్దు.

ఇంకో మాట, ఇంట్లో పిల్లలున్నారు కాబట్టి. పెంటలో పడిన ఏలికపాము గుడ్డు అప్పటికప్పుడు అంటదు. మట్టిలో రెండు మూడు వారాలుండి ముదిరాక అంటుతుంది, ఆ తర్వాత ఏళ్ళ తరబడి బతికే ఉంటుంది. పిల్లల నోట్లోకి పోతే కాలేయానికీ కంటికీ చేరగలదు. కాబట్టి పెంట ఏ రోజుది ఆ రోజు ఎత్తి గోతిలో పూడ్చండి, కుక్కపిల్లతో ఆడాక సబ్బుతో చేతులు కడిగించండి.

ప్రశ్న: మా నాటు కుక్కకు ఎనిమిదేళ్ళు, 20 కిలోలుండేది. నెల రోజులుగా పొట్ట సాగుతూ వస్తోంది, వెన్ను మీద ఎముకలు తేలాయి. జలోదరం, అంటే పొట్టలో నీరు చేరిందన్నారు. సిరంజితో మూడు లీటర్లు తీశారు, మూత్రం ఎక్కువ పోయించే లాసిక్స్ మాత్రలు ఇచ్చారు. పది రోజుల్లో మళ్ళీ నిండింది. ఎన్నిసార్లు తీయించాలి?
*ఒక రైతు, చీపురుపల్లి*

జవాబు: నీరు ఎందుకు చేరుతోందో తేలకుండా తీయించుకుంటూ పోతే ఎన్నిసార్లయినా చేరుతుంది. పైగా తీసిన ప్రతి లీటరుతో కొంత మాంసకృత్తు బయటికి పోతుంది, అది ఇప్పటికే కొరతలో ఉండొచ్చు. ఊపిరి ఆడనంత బిగుసుకుంటే, తేలిగ్గా ఊపిరి తీసుకునేంత మేరకు తీయించండి. పూర్తిగా ఖాళీ చేయించొద్దు.

ముందు అది నీరేనా అని ఇంట్లోనే ఒక అంచనాకు రావచ్చు. కుక్కను నిలబెట్టి, ఒక అరచెయ్యి పొట్టకు ఒక పక్క ఆనించి రెండో పక్క వేలితో చిటికెలా కొట్టండి. నీరైతే అల వచ్చి అరచేతికి తగులుతుంది. కొవ్వయితే అలా తగలదు, వెన్నెముకలు తేలవు కూడా.

నీరు చేరే దారులు ముఖ్యంగా మూడు. గుండె కుడి భాగం బలహీనపడి రక్తం వెనక్కి నిలిచిపోవడం ఒకటి. కాలేయం గట్టిపడటం రెండోది. రక్తంలో ఆల్బుమిన్ అనే మాంసకృత్తు పడిపోవడం మూడోది. ఆల్బుమిన్ నీటిని రక్తనాళాల్లో పట్టి ఉంచుతుంది. మామూలుగా డెసిలీటరుకు సుమారు 2.3 నుంచి 3.9 గ్రాముల దాకా ఉంటుంది, 1.5 కిందికి జారితే నీరు బయటికి ఊరడం మొదలవుతుంది. అది కాలేయం తయారు చెయ్యక తగ్గొచ్చు, మూత్రంలో పోయి తగ్గొచ్చు, పేగులోంచి కారిపోయి తగ్గొచ్చు. మన పల్లె కుక్కల్లో గోమార్ల వల్ల వచ్చే ఎర్లీకియా జ్వరాన్ని కూడా ఈ జాబితాలో మరిచిపోకూడదు. అది పాతబడితే ఆల్బుమిన్ తగ్గుతుంది, ప్లీహం పెరుగుతుంది, ముక్కు వెంట రక్తం కారుతుంది.

తీసిన నీటిని పారబొయ్యనివ్వకండి, సగం కథ అందులోనే ఉంది. గాజు గొట్టంలో పట్టి వెలుతురుకు ఎత్తి చూడండి. కుళాయి నీళ్ళలా తేటగా ఉంటే ఆల్బుమిన్ వైపు, కాలేయం వైపు చూడాలి. గడ్డిరంగులోనో లేత గులాబిగానో ఉండి కాస్త చిక్కగా ఉంటే గుండెను అనుమానించాలి. మబ్బుగా ఉండి వాసన వేస్తే లోపల చీము. రక్తంలా వచ్చి గొట్టంలో గడ్డకట్టకపోతే పొట్టలో రక్తం కారుతున్నట్టు. గడ్డకడితే సూది ఏ రక్తనాళానికో తగిలిందని అనుకోవచ్చు.

అడిగి చేయించాల్సిన పరీక్షలు: రక్తంలో ఆల్బుమిన్, కాలేయం, కిడ్నీ పరీక్షలు, ప్లేట్‌లెట్లతో సహా రక్తకణాల లెక్క, గోమార్ల జ్వరాలకు రక్తపు స్మియర్ (గాజుపలక మీద రక్తపు చుక్క పరిచి చూడటం), మూత్రంలో ప్రొటీను, పొట్ట స్కానింగు, కుదిరితే గుండెది కూడా. మీకు గరివిడి పశువైద్య కళాశాల పక్కనే ఉంది. ఆ రోజు స్కానింగు జరుగుతుందో లేదో ముందు కనుక్కుని వెళ్ళండి.

మందు కారణాన్నిబట్టి మారుతుంది. గుండెదైతే లాసిక్స్ కిలోకు 1 నుంచి 2 మి.గ్రా. రెండు పూటలా, మీ కుక్క అసలు బరువు 20 కిలోలు గనక 40 మి.గ్రా. మాత్ర సగమో ఒకటో. నీటితో కలిపి తూచిన బరువు మీద లెక్క కట్టకూడదు. దానికి తోడు గుండెకు బలమిచ్చే పిమోబెండాన్ కిలోకు 0.25 మి.గ్రా. చొప్పున రెండు పూటలా, తిండికి గంట ముందు. కాలేయం వల్ల అయితే లాసిక్స్ ఒక్కదాని మీద ఆధారపడితే పొటాషియం పడిపోయి కుక్క మత్తుగా పడిపోతుంది. అక్కడ పొటాషియం పోనివ్వకుండా నీరు తీసే స్పైరనోలాక్టోన్, కిలోకు 1 నుంచి 2 మి.గ్రా. రెండు పూటలా, ముందు మొదలుపెట్టడం మేలు. ఎర్లీకియా అని తేలితే డాక్సీసైక్లిన్ కిలోకు రోజుకు 10 మి.గ్రా. నాలుగు వారాలు, ఉత్త కడుపున కాకుండా తిండితో. వారానికే జ్వరం తగ్గిందని ఆపేస్తే రోగం లోపలే ఉండిపోతుంది. ఈ మోతాదులు డాక్టరు చీటీ సరిచూసుకోవడానికి రాశాం, సొంతంగా మొదలుపెట్టడానికి కాదు. కాలేయం టానిక్కులు నష్టం చెయ్యవు గాని నీటిని దించవు, వాటి మీద డబ్బు, రోజులు పొయ్యకండి.

నీరు ఎక్కువ తాగితే పొట్టలో నీరు పెరుగుతుందని గిన్నె దాచేస్తుంటారు. అది పెద్ద పొరపాటు. లాసిక్స్ వాడే కుక్కకు నీళ్ళు అందకపోతే కిడ్నీలు దెబ్బతింటాయి. తగ్గించాల్సింది ఉప్పు. మన వైపు కుక్కన్నంలో ఎండుచేప కలపడం మామూలు. ఉప్పుచేప ఒక్క ముక్క చాలు మాత్రల పని చెడగొట్టడానికి. ఊరగాయ అన్నం, ఉప్పు వేసిన మజ్జిగ, కూర పులుసు కూడా అంతే. గుడ్డు, ఉప్పు లేని పెరుగు, ఉడికించిన కోడిమాంసం పెట్టండి. కాలేయం బాగా చెడి కుక్క తూలుతూ, గోడకు తల ఆనించి నిలబడుతుంటే మాంసం సంగతి డాక్టరుతో మాట్లాడి తేల్చుకోండి.

రోజూ పొద్దున్నే తిండికి ముందు బొడ్డు దగ్గర టేపు చుట్టి కొలత రాయండి, బరువు తూచండి. లీటరు నీరంటే కిలో బరువు. రెండు రోజుల్లో కిలో పెరిగితే అది కండ కాదు. నిద్రలో నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తుందో లెక్కపెట్టండి. 30 దాటుతుంటే ఆ రోజే చూపించండి.

ప్రశ్న: ఎనిమిదేళ్ళ లాబ్రడార్, 28 కిలోలు, ఎప్పుడూ ఈనలేదు. ఎదకు వచ్చి ఆరు వారాలైంది. ఇప్పుడు పొట్ట పెరిగింది, బకెట్టు నీళ్ళు తాగుతోంది, తిండి మానేసింది. దాటించలేదు, అయినా చూలేమోనని అనుకుంటున్నాం.
*ఒక పాఠకురాలు, బొబ్బిలి*

జవాబు: చూలు కడుపుతో ఉన్న కుక్క ఇలా తిండి మానేసి నీళ్ళ మీద పడదు. ఎద అయిన నాలుగు నుంచి ఎనిమిది వారాల్లో, ఆపరేషన్ కాని నడివయసు ఆడకుక్కకు దాహం, పొట్ట పెరగడం, తిండి మానడం కలిసి వచ్చాయంటే గర్భసంచిలో చీము పట్టిందనే ముందు చూడాలి. కింద నుంచి చీము కారుతుంటే ఇంట్లోవాళ్ళు త్వరగా గమనిస్తారు. మీ కుక్కకు ఏమీ కారడం లేదంటే గర్భద్వారం మూసుకుపోయి ఉండవచ్చు. ఇదే ఎక్కువ ప్రమాదం. సంచి నిండి పగిలితే చీము పొట్టంతా పాకుతుంది.

తాగే నీరు కొలవండి. రోజుకు కిలో బరువుకు 100 మి.లీ. దాటితే అది రోగమే. మీ దానికి 2.8 లీటర్లు. కానీ ఈ కొలత కోసం రేపటిదాకా ఆగకండి. ఈ రోజే స్కానింగు, రక్తపరీక్ష చేయించండి. పొట్టను పిసికి చూడొద్దు. మనుషుల నొప్పి మాత్రలు, అవి పారాసిటమాల్, డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ ఏవైనా, వెయ్యొద్దు. ఇప్పటికే కిడ్నీలు చీము విషంతో పోరాడుతున్నాయి.

చికిత్స ఆపరేషనే. ముందు కొన్ని గంటలు సెలైన్, యాంటీబయాటిక్ ఎక్కించి కుక్కను నిలబెట్టాక గర్భసంచి, అండాశయాలు రెండూ తీసేస్తారు. యాంటీబయాటిక్ ఒక్కదానితో వారం పది రోజులు తేరుకున్నట్టు కనబడినా చీము సంచి అలాగే ఉంటుంది, తర్వాతి ఎదకు మళ్ళీ తిరగబెడుతుంది. ఎద రాకుండా వేసే హార్మోను ఇంజెక్షన్లు ఈ జబ్బును పెంచుతాయి. ఇదివరకు ఎప్పుడైనా వేయించి ఉంటే డాక్టరుకు తప్పకుండా చెప్పండి. నిజంగా చూలేమోనని అనుమానం ఉన్నవాళ్ళకు: దాటించిన నెలకు స్కానింగులో పిల్లల గుండె కొట్టుకోవడం కనబడుతుంది. కుక్క సుమారు 63 రోజులు మోస్తుంది.

ప్రశ్న: మా పామెరేనియన్‌కి దురద. రెండేళ్ళుగా నెలకో ఇంజెక్షన్ వేయిస్తున్నాం, వెయ్యగానే తగ్గుతుంది. ఇప్పుడు పొట్ట జారింది, నడుం దగ్గర వెంట్రుకలు రాలాయి, రాత్రిళ్ళు మూత్రం పోస్తోంది.
*రాజాం నుంచి*

జవాబు: ఆ ఇంజెక్షన్ పేరు రాయించుకుని చూడండి. ట్రయామ్సినలోన్, డెక్సామెథసోన్, ప్రెడ్నిసోలోన్ లాంటిదైతే అది స్టెరాయిడ్. ఎక్కువకాలం వాడితే పొట్ట కండరాలు పలచబడతాయి, కాలేయం పెరుగుతుంది, కొవ్వు లోపల చేరుతుంది, పొట్ట కిందికి వేలాడుతుంది. కోపంతో ఒక్కసారిగా ఆపేస్తే ఇంకో ప్రమాదం: శరీరం తన సొంత హార్మోను తయారుచెయ్యడం మరిచిపోయి ఉంటుంది, కుక్క కూలబడిపోతుంది. తక్కువ మోతాదు మాత్రలకు మార్చి వారాల మీద దించాలి. దురదకు అసలు కారణం గోమార్లా, గజ్జి పురుగా, తిండా అన్నది ఆ వ్యవధిలో వెతికించండి.

ప్రశ్న: పదేళ్ళ కుక్క నిన్న నడుస్తూ నడుస్తూ కూలిపోయింది. పొట్ట కొంచెం పెద్దదైంది. ఇవాళ మామూలుగా లేచి తిరుగుతోంది. వదిలెయ్యొచ్చా?
*టెక్కలి నుంచి*

జవాబు: వద్దు. ముసలి కుక్కల్లో, ముఖ్యంగా జర్మన్ షెపర్డ్, లాబ్రడార్లలో, ప్లీహం మీద గడ్డ పెరిగి ఒకరోజు చిట్లి రక్తం పొట్టలోకి కారుతుంది. రక్తపోటు పడిపోయి కుక్క కూలుతుంది. కారుడు తనంతట ఆగితే ఆ రక్తంలో కొంత తిరిగి ఒంట్లోకి ఇంకుతుంది, కుక్క లేస్తుంది. తర్వాతి చిట్లుడు ఎప్పుడో చెప్పలేం. చిగుళ్ళు చూడండి, ఇవాళే స్కానింగు చేయించండి. గడ్డ ప్లీహానికే పరిమితమైతే ప్లీహం తీసేయవచ్చు. గడ్డ క్యాన్సరైతే ఆపరేషన్ తర్వాత కూడా ఆయుష్షు నెలల్లోనే ఉంటుంది. ఆ మాట డాక్టరుతో ముందే విప్పి మాట్లాడుకోండి. ఇంటి చుట్టుపక్కల ఎలుకల మందు పెట్టి ఉంటే ఆ పొట్లం కూడా తీసుకెళ్ళండి. కొన్ని ఎలుకల మందులు రక్తం గడ్డకట్టనివ్వవు, వాటికి విటమిన్ కె1 విరుగుడు ఉంది.

ప్రశ్న: అర్ధరాత్రి పొట్ట ఉబ్బితే మాకు దగ్గర్లో ఆపరేషన్ చేసే చోటు లేదు. దూరం ఎలా తీసుకెళ్ళాలి?
*సోంపేట నుంచి*

జవాబు: కుక్క బాగున్నప్పుడే ఈ పని చేసిపెట్టుకోండి. శ్రీకాకుళం, విశాఖ వైపూ బరంపురం వైపూ రాత్రిళ్ళు కుక్కలకు మత్తిచ్చి ఆపరేషన్ చేసే డాక్టర్లెవరో ఫోన్ చేసి కనుక్కుని నంబర్లు గోడ మీద రాసుకోండి. 1962కి ఫోన్ చేస్తే వచ్చే సంచార పశువైద్య వాహనంలో ఈ ఆపరేషన్ కుదరదు. దగ్గరి పశువైద్యుడు ముందుకాలికి సెలైన్ పెట్టి గాలి తీసి పంపగలిగితే మాత్రం దారిలో ప్రాణం నిలిచే అవకాశం బాగా పెరుగుతుంది. అక్కడ ఆగిన అరగంట వృథా కాదు.

బయల్దేరేముందు ఫోన్‌లో నాలుగు సంగతులు చెప్పండి: బరువు, ఉబ్బు మొదలైన వేళ, చిగుళ్ళ రంగు, వాంతి పడుతోందా ఉత్త డోకులేనా. మగకుక్క అయితే మూత్రం పోస్తోందో లేదో కూడా; ముక్కుతున్నా చుక్కలే పడుతుంటే ఉబ్బింది మూత్రాశయమై ఉండొచ్చు, రాయి అడ్డం పడిన కేసుకు చికిత్స వేరు. నీళ్ళు, తిండి ఏమీ పెట్టకండి. పొట్ట కింద చెయ్యి వేసి ఎత్తకుండా, దుప్పటి మీదికి నడిపించి నాలుగు కొసలూ పట్టుకుని వెనక సీట్లోకి చేర్చండి. నిలబడతానంటే నిలబడనివ్వండి, బలవంతంగా వెల్లకిలా పడుకోబెట్టొద్దు. మూతికి తాడు కట్టకండి, వాంతి వస్తే ఊపిరి ఆగుతుంది. కరుస్తుందని భయముంటే తల దగ్గర మందపాటి తువ్వాలు అడ్డంపెట్టి పట్టుకోండి. అద్దాలు కాస్త దించి ఉంచండి. పాత మందుల చీటీలు, స్కానింగు కాగితాలు వెంట ఉండాలి.